ఫార్మాట్ కొట్టించే ముందు

ల్యాప్‌టాప్ మొరాయిస్తోందని ఎవరికి చెప్పుకున్నా మొదట వినపడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టించెయ్." పని మధ్యలో ఆగిపోతోందంటే ఫార్మాట్. నీలి తెర వస్తోందంటే ఫార్మాట్. ఫ్యాన్ రొద పెడుతోందన్నా అదే. షాపులో కుర్రాడికి అది చేతికి అలవాటైన పని, పూట తిరక్కుండా అయిపోతుంది. మనకేమో డెస్క్‌టాప్ ఖాళీగా, శుభ్రంగా కనపడేసరికి ఏదో బాగుపడిందన్న తృప్తి. వారం గడవకముందే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆరేడేళ్లు వాడిన ల్యాప్‌టాప్ పదేపదే ఆగిపోతోందంటే చాలాసార్లు లోపం లోపలి వస్తువులోనే ఉంటుంది. దుమ్ము పట్టిన ఫ్యాన్, ఎండిపోయిన థర్మల్ పేస్ట్, స్లాటులో కదిలిన ర్యామ్, అరిగిపోయిన డిస్క్, డస్సిపోయిన బ్యాటరీ. వీటిలో ఒక్కదాన్ని కూడా ఫార్మాట్ ముట్టుకోదు. పైగా రెండు నష్టాలు చేస్తుంది. మీ ఫైళ్లు పోతాయి. ఎప్పుడు ఏం జరిగిందో విండోస్ తనంతట తాను రాసిపెట్టుకున్న చిట్టా కూడా వాటితోపాటే పోతుంది. ఈ రెండో నష్టం గురించి ఎవరూ చెప్పరు. నా లెక్కలో ఫార్మాట్ అన్నిటికన్నా చివర చేయాల్సిన పని. దానికి ముందు చేయాల్సినవేమిటో చూద్దాం.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ల్యాప్‌టాప్ రిపేరేమిటని మీకు అనిపించవచ్చు. రేపు పొద్దున పంపాల్సిన ప్రాజెక్టు తెర మీద ఉండగా యంత్రం ఆరిపోతే మనిషి ఏం చేస్తాడో గమనించండి. పవర్ బటన్ నొక్కిపట్టి మళ్లీ ఆన్ చేస్తాడు. మళ్లీ ఆగిపోతుంది. యూట్యూబ్ తెరిచి దొరికిన చిట్కాలన్నీ వరసబెట్టి చేసేస్తాడు. డ్రైవర్ మారుస్తాడు, యాంటీవైరస్ తీసేస్తాడు, ఏదో క్లీనర్ వేస్తాడు. చివరికి ఆగడం మానేసినా ఏది చేస్తే మానేసిందో తెలీదు, ఎక్కువైతే దేనివల్ల ఎక్కువైందో తెలీదు. ఈ కంగారును పక్కన పెట్టగలిగితే మిగతాదంతా స్క్రూడ్రైవర్ పనే.

ముందు ఫైళ్లు బయటికి

ఆగిపోతున్న ల్యాప్‌టాప్‌లో మొదట చేయాల్సింది పరీక్షలు కాదు, కాపీ. అది ఇంకా ఆన్ అవుతున్నప్పుడే ముఖ్యమైనవన్నీ వేరే డిస్క్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో, గూగుల్ డ్రైవ్‌లోకో ఎక్కించండి. ఫొటోలు అందరికీ గుర్తుంటాయి. గుర్తుండనివి వేరే ఉన్నాయి: డెస్క్‌టాప్ మీద పడేసిన ఫైళ్లు, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో సర్టిఫికెట్ల స్కాన్‌లు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, ట్యాలీ డేటా ఫోల్డర్. డీటీపీ చేసేవాళ్లకైతే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కి కొత్త వెర్షన్ లేదు. మన పెళ్లిపత్రికల షాపుల్లో పాత కంప్యూటర్లను వదల్లేకపోవడానికి సగం కారణం అదే. పేజ్‌మేకర్ ఫైలు ఒక్కటే కాపీ చేసి అందులో వాడిన ఫాంట్లు వదిలేస్తే, ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు అచ్చులూ హల్లులూ పోయి పిచ్చి గీతలు కనపడతాయి.

కాపీతోపాటు ఇంకొకటి కూడా దాచుకోవాలి: బిట్‌లాకర్ రికవరీ కీ. ఈమధ్య కాలపు విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కి మనకి తెలియకుండానే తాళం పడి ఉంటుంది. బయాస్‌లో ఏదైనా మార్చినా, మదర్‌బోర్డు మార్చినా, 48 అంకెల కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

2024 జులై 19న ప్రపంచమంతా ఈ పాఠం నేర్చుకుంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో కొందరికి బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. ఆగిన ఆ యంత్రాలను బాగుచేసిన పద్ధతి చూడండి: సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లడం, ఆ ఒక్క ఫైలు తీసేయడం, రీస్టార్ట్ చేయడం. ఫార్మాట్ అక్కర్లేకపోయింది. బిట్‌లాకర్ కీ దగ్గర లేని చోట్ల మాత్రం ఆ చిన్న పని కూడా గంటల తరబడి ఆగింది.

నోటుపుస్తకం

ఇప్పుడు ఒక చిన్న పుస్తకం తీసుకుని ల్యాప్‌టాప్ పక్కన పెట్టండి. ఆగిన ప్రతిసారీ ఒక వాక్యం: ఎన్నింటికి, ఎక్కడ పెట్టి వాడుతున్నారు, చార్జర్ ఉందా లేదా, ఏం చేస్తున్నారు, ఎలా ఆగింది.

ఎలా ఆగిందన్నది అన్నిటికన్నా ముఖ్యం. మెయిన్ ఆపేసినట్టు టక్కున ఆరిపోతే ఒక దారి: వేడి, బ్యాటరీ, చార్జర్, సాకెట్. విండోస్‌కి ఒక్క మాట రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. నీలి తెర వస్తే (విండోస్ 11లో 2025 నుంచి ఇది నల్ల తెర అయింది) ఇంకో దారి: విండోస్ తప్పును పట్టుకుని, పేరు చెప్పి మరీ ఆగింది. ఆ పేరును ఫోన్‌తో ఫొటో తీయండి. మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటే ముందు ర్యామ్‌ని అనుమానించాలి. కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ అంటే చాలాసార్లు డిస్క్. డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అంటే మూత మూసి తెరిచినప్పుడు ఏదో డ్రైవర్ నిద్ర లేవలేదు. ఇవి రుజువులు కావు, ఎటు వెతకాలో చూపించే ఆనవాళ్లు. మూడోది, తెర అలాగే ఉండి మౌస్ కూడా కదలకుండా బిగుసుకుపోవడం. ఇందులో డిస్క్‌కీ, ర్యామ్‌కీ, వేడికీ అన్నిటికీ వాటా ఉంటుంది కాబట్టి పుస్తకంలో మిగతా వివరాలే దారి చూపాలి.

మీరు రాయడం మర్చిపోయిన రోజులకి విండోస్ రాసుకున్నది ఉంటుంది. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది. రోజువారీగా గీసిన పటం, ఆగిన రోజుల్లో ఎర్ర గుర్తులు. ఎర్ర గుర్తులు మొదలవడానికి ముందు రోజు ఏ అప్‌డేట్ పడిందో, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించారో అక్కడే కనపడుతుంది. ఇంత మంచి సదుపాయం విస్టా కాలం నుంచీ ఉన్నా, రిపేర్ షాపుల్లో దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ.

మా మేనకోడలు హనుమకొండలో పీజీ చదువుతోంది. వాళ్లన్న వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. షాపులో ఒకటికి రెండుసార్లు ఫార్మాట్ కొట్టించింది. "మామా, ఏం చేసినా ఆగిపోతాంది" అని ఫోన్. ఇంకేమీ చేయొద్దు, ఊరికే రాయి అన్నాను. తను రాసిన కాగితం ఫొటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. 'హాస్టల్ మంచం, రాత్రి, వర్డ్. బ్లూ స్క్రీన్, మెమరీ మేనేజ్‌మెంట్.' 'లైబ్రరీ బల్ల మీద సాయంత్రం దాకా. ఏం కాలే.' 'చార్జర్ తీసి బల్ల మీంచి ఒళ్లోకి తీసుకున్న. బిగుసుకుపోయింది.' 'కదపకుండ వాడిన, రోజంతా మంచిగుంది.' 'ఫ్రెండుకి చూపిద్దామని ఒక చేత్తో లేపిన. బ్లూ స్క్రీన్.'

వేడి అయితే లైబ్రరీలో సాయంత్రం దాకా నడిచేది కాదు. నేనా మాట అనేలోపే తనే అంది, "ఇది కదిలిచ్చినప్పుడే పోతాంది కదా మామా?" పాతబడిన ప్లాస్టిక్ బాడీని ఒక మూల పట్టుకుని ఎత్తితే సన్నగా వంగుతుంది. అడుగు మూత తీసి చూస్తే రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకదానికి ఒకవైపు క్లిప్ పూర్తిగా పడలేదు. బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, స్టిక్ బయటికి తీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి ఊదేసి, ఏటవాలుగా దూర్చి రెండు వైపులా టక్ మనేదాకా నొక్కితే సరిపోయింది. ఎన్ని ఫార్మాట్లు కొట్టినా ఆ క్లిప్ పడేది కాదు.

వేడి

మన దగ్గర ల్యాప్‌టాప్‌లు ఆగిపోవడానికి వేడి పెద్ద కారణం. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలా కంపెనీలు తమ ల్యాప్‌టాప్ వాడకానికి చెప్పే పై హద్దు 35 డిగ్రీలు, అంటే చుట్టూ ఉన్న గాలి వేడి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట ఆ హద్దు దాటడం మామూలే. ఆ వేడి గాలితోనే ల్యాప్‌టాప్ తన ప్రాసెసర్‌ని చల్లబరుచుకోవాలి. ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి భరించగల వేడి 100 డిగ్రీల దగ్గర. అక్కడికి చేరుతున్నకొద్దీ వేగం తగ్గించుకుంటాయి. అప్పుడు మనం "స్లో అయిపోయింది" అనుకుంటాం. ఇంకా పెరిగితే తమను తాము కాపాడుకోవడానికి టక్కున ఆరిపోతాయి.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి ప్రాసెసర్ వేడి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 40, 50 డిగ్రీల మధ్య, బరువైన పని చేస్తున్నప్పుడు 80 దాటినా కంగారు అక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పుడే 70 చూపిస్తూ, ఒక వీడియో కాల్ పెట్టగానే 95 దాటి అక్కడే నిలిచిపోతే ఫ్యాన్ దగ్గరికి వెళ్లాల్సిందే.

చాలామంది చేసే పని, పక్కనున్న గాలి రంధ్రంలోంచి బ్లోయర్ పెట్టి ఊదేయడం. దానివల్ల దుమ్ము వచ్చిన దారినే వెనక్కి ఫ్యాన్‌లోకి పోతుంది. మూత తీసి చూస్తే విషయం అర్థమవుతుంది. ప్రాసెసర్ మీంచి వచ్చే రాగి గొట్టం చివర దువ్వెన పళ్లలా పల్చటి రేకులు పేర్చి ఉంటాయి. ఫ్యాన్ ఆ రేకుల మధ్యలోంచి గాలిని బయటికి తోస్తుంది. దుమ్మంతా సరిగ్గా ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య సందులో, బయటినుంచి కనపడని చోట, బూడిదరంగు గుడ్డపీలికలా అట్టకట్టి ఉంటుంది. పట్టకారుతో పట్టుకుని లాగితే మొత్తం ఒకే ముక్కగా ఊడొస్తుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు ల్యాప్‌టాప్ నేలమీదే ఉండే ఇళ్లలో పొడుగాటి తలవెంట్రుకలు కూడా ఫ్యాన్ ఇరుసుకి చుట్టుకుని ఉంటాయి. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కని అగ్గిపుల్లతో ఆపి పట్టుకోవాలి. లేకపోతే గాలి ఉధృతికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఫ్యాన్ శుభ్రం చేసినా వేడి తగ్గకపోతే థర్మల్ పేస్ట్ మార్చాలి. ప్రాసెసర్‌కీ దానిమీది రాగి పలకకీ మధ్య రాసే ఈ పేస్టు కొన్నేళ్లకి సుద్దలా గట్టిపడుతుంది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది కొద్దిగా రాస్తే చాలు. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవడం భ్రమ. ఈ పని చేతికి అలవాటు లేకపోతే షాపులో చేయించండి, ఎదురుగా కూర్చుని చేయించండి. పరుపు మీదా దిండు మీదా ల్యాప్‌టాప్ పెట్టడం మానేయడానికి మాత్రం ఏ షాపూ అక్కర్లేదు.

ర్యామ్, డిస్క్, బ్యాటరీ

ర్యామ్ పరీక్షకి స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. అది బాగానే ఉందని చెప్పినా అనుమానం తీరకపోతే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడవనివ్వండి. ఇందులో పాస్ మార్కులు ఉండవు. ఒక్క తప్పు దొరికినా ఆ స్టిక్ పనికిరాదు. రెండు స్టిక్కులుంటే ఒక్కోదాన్నే ఉంచి పరీక్షిస్తే దొంగ ఏదో తేలిపోతుంది. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకుని వెళ్లండి. డీడీఆర్3, డీడీఆర్3ఎల్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కానీ మొదటిదానికి 1.5 వోల్టులు కావాలి, రెండోది 1.35తో నడుస్తుంది. 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో మొదటిది పెడితే ఆన్ కాకపోవచ్చు, అయినా నిలకడగా నడవకపోవచ్చు.

డిస్క్‌కి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో. నీలం రంగు చూపిస్తే ఫర్వాలేదు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే పోయినట్టే. ఇక్కడ ఒక ఆశ వదులుకోవాలి: పసుపు చూపించిన డిస్క్‌ని చెక్‌డిస్క్ కొట్టి బాగుచేద్దామని చూడకండి. పూర్తి స్థాయిలో నడిపితే ఆ పరీక్ష డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. కొన ఊపిరితో ఉన్నదాన్ని ఆ శ్రమే ఆపేయవచ్చు. ముందు కాపీ, తర్వాత కొత్త డిస్క్. పాత తిరిగే హార్డ్‌డిస్క్ అయితే చెడిపోయే ముందు టిక్ టిక్ మనో, గీరినట్టో చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు చప్పుడు లేకుండా పోతుంది. అయినా పాత ల్యాప్‌టాప్‌కి పెట్టే ఖర్చుల్లో నాకు నచ్చేది హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టించడమే. ఆగడం సంగతి ఎలా ఉన్నా, వేగంలో తేడా మొదటి రోజే తెలుస్తుంది.

బ్యాటరీ సంగతి తేలిక. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. రెండోది మొదటిదాంట్లో సగానికి పడిపోయి, 30 శాతం ఉందని చూపిస్తూనే ఆరిపోతుంటే కొత్తది వేయించాలి. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, నొక్కితే క్లిక్ పడకపోయినా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు నివేదికలు చూస్తూ కూర్చోకండి. ఆపేసి, చార్జర్ తీసేసి, నొక్కకుండా, గుచ్చకుండా షాపుకి తీసుకెళ్లండి. లిథియం సెల్‌కి చిల్లు పడితే మంట లేస్తుంది.

కరెంటు గురించి ఒక మాట. లో వోల్టేజీ వల్ల ల్యాప్‌టాప్ ఆగుతోందని స్టెబిలైజర్ కొన్నవాళ్లని చూశాను. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100–240 వోల్టులని రాసే ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులు తట్టుకోవడమే దాని పని. లూజు సాకెట్, నలిగిన చార్జర్ తీగ, తప్పుడు డూప్లికేట్ అడాప్టర్ మాత్రం నిజమైన కారణాలు. అడాప్టర్ మారిస్తే ఔట్‌పుట్ వోల్టులు పాతదానితో సమానంగా ఉండాలి, ఆంపియర్లు సమానమో ఎక్కువో ఉండాలి.

ఇక సాఫ్ట్‌వేర్

ఇవన్నీ బాగున్నాయంటేనే విండోస్ వైపు చూడండి. సేఫ్ మోడ్‌లో ఆగకుండా నడిస్తే అనుమానం డ్రైవర్ల మీదికి, ముఖ్యంగా డిస్‌ప్లే, వైఫై డ్రైవర్ల మీదికి వెళ్తుంది. డివైస్ మేనేజర్‌లో డ్రైవర్‌ని పాత వెర్షన్‌కి మార్చే రోల్ బ్యాక్ ఉంటుంది. సి డ్రైవ్ నిండిపోయి ఉంటే ఖాళీ చేయండి. 'మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని తెర నిండా కనపడుతూ మోత మోగితే అది క్రాష్ కాదు, బ్రౌజర్‌లో తెరుచుకున్న మోసపు పేజీ. మూసేయండి. డబ్బు కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

నిజంగా లోపం ఎటువైపుందో తేల్చే పరీక్ష ఒకటుంది. లినక్స్ మింట్‌నో ఉబుంటునో పెన్‌డ్రైవ్‌లో వేసి, డిస్క్‌లో ఎక్కించకుండా, దానిమీంచే ఒక రోజు వాడండి. అక్కడ కూడా ఆగిపోతే విండోస్ నిర్దోషి. అక్కడ బాగా నడిస్తే లోపం విండోస్‌లోనో, డిస్క్‌లోనో ఉంది. డిస్క్ నీలం చూపించి, డ్రైవర్లు మార్చినా ఫలితం లేకపోతే, ఇప్పుడు కొట్టించండి ఫార్మాట్.

షాపు దగ్గర

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ లాంటి చోట్ల కౌంటర్ మీద ల్యాప్‌టాప్ పెట్టగానే "అన్నా, ఫార్మాట్ కొడితే సెట్ అయితది" అంటారు. మీ నోటుపుస్తకం అక్కడే తెరవండి. "ఆగిపోతోంది" అని చెబితే అతను ఊహించాలి. "చార్జర్ మీద బాగుంది, బ్యాటరీ మీద 40 శాతం దగ్గర ఆరిపోతోంది" అని చెబితే అతనికి పని తేలిక, మీకు ఖర్చు తక్కువ. ఒక వస్తువు మార్చి, నడిపి చూశాకే రెండోది మార్చమనండి. తీసిన పాత వస్తువు వెనక్కి అడగండి. ఇచ్చే ముందు ర్యామ్, డిస్క్ లేబుళ్లని ఫొటో తీసుకోండి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు.

మదర్‌బోర్డు పోయిందన్నారనుకోండి, చిప్‌ని వేడిచేసి మళ్లీ అతికిస్తామంటారు. ఏడెనిమిదేళ్ల యంత్రానికి ఆ ఖర్చు నేను పెట్టను. ఎన్నాళ్లు నిలుస్తుందో చేసినవాళ్లూ చెప్పలేరు. రిపేరు అంచనా అదే స్థాయి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ధరలో సగం దాటితే నేను ఆగిపోతాను. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. 2017కి ముందు ప్రాసెసర్లున్న యంత్రాల్లో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. వాటికి ఇప్పుడు డబ్బు పెట్టేముందు లినక్స్‌తో సరిపెట్టుకోగలరా అని కూడా ఆలోచించుకోండి. ఇంటర్నెట్ చూడ్డానికి, ఉత్తరాలు టైప్ చేయడానికి అది చక్కగా సరిపోతుంది. ట్యాలీ, అను అవసరమైనవాళ్లకి కుదరదు.

వదిలేయాలని తేల్చుకుంటే డిస్క్‌ని మాత్రం ల్యాప్‌టాప్‌తో అమ్మకండి. నాలుగు స్క్రూలు తీస్తే బయటికొస్తుంది. నీలం చూపించిన డిస్క్ అయితే యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడుకోవచ్చు. మిగతా యంత్రాన్ని పాత ఇనుము బండికి వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునే రిజిస్టర్డ్ రీసైక్లర్‌కి ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కంపెనీలు కూడా అమ్మిన సరుకు పాతబడ్డాక రీసైక్లింగ్ బాధ్యత చూడాలి కాబట్టి, మీ ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ-వేస్ట్ పేజీ వెతికితే ఎక్కడ ఇవ్వాలో ఉంటుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఆ సంగతి ముందే చెప్పి ఇవ్వండి.